ఏనుగు అరికాలిలో ధోబీ గుర్తు

తిరుపతి నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, పేట రెండూ బయటపెట్టవద్దని కోరారు. సంగతి క్లుప్తంగా ఇది.

ఆమెకు నలభై నాలుగేళ్లు. ఇరవై ఏళ్లుగా ఇంట్లో జాకెట్లు కుడుతున్నారు, చీరలకు ఫాల్స్ వేస్తున్నారు. రెండేళ్ల కిందట బీరువా సర్దుతుంటే కొడుకు చిన్ననాటి స్వెటర్ బయటపడింది. ఇక ఎవరికీ సరిపోదు, పారేయడానికి చేతులు రాలేదు. దాని చేయి కత్తిరించి తొండం చేశారు. నడుము భాగం పొట్ట అయింది, అంచు పట్టీలు చెవులయ్యాయి. ఆ ఏనుగును చూసి ముచ్చటపడి ఇరుగుపొరుగు తమ పాత స్వెటర్లు తెచ్చి ఇచ్చారు. బెంగళూరు బంధువులు సంచులకొద్దీ పంపారు. ఏనుగు వెనకే కుందేళ్లు, ఎలుగుబంట్లు, పిల్లులు వచ్చాయి.

అమ్మిపెట్టే పని వదినగారు తీసుకున్నారు. ఆమెకు నలుగురితో పరిచయం ఉంది, మాట నేర్పు ఉంది. కొత్త కుట్టుమిషను కొనుక్కోమని 18,000 రూపాయలు చేబదులు కూడా ఇచ్చారు. ఒక్కో బొమ్మను 900కు అమ్మి, కుట్టినావిడకు 300 ఇస్తారు. ఆరు నెలలు గడిచాక ఈమెకు తెలిసింది ఏమిటంటే, కొనేవాళ్లతో వదినగారు ‘ఊటీ నుంచి తెప్పించిన కొత్త ఊలు, నూటికి నూరు పాళ్లు ఊలు’ అని చెబుతున్నారు. అడిగితే, ‘స్టీలు గిన్నెలవాడికి వేసే బట్టలతో చేశామంటే పిల్లల చేతికి ఎవరిస్తారు?’ అన్నారట.

ఈమధ్య రెండేళ్ల పాప తల్లి ఒకావిడ ఫోను చేశారు. ఏనుగు అరికాలి కింద నల్లగా మూడు గీతలు, ఒక చుక్క. పాప నాయనమ్మ దాన్ని చూసీచూడగానే ‘ఇది ధోబీ గుర్తు, ఏ బట్ట ఎవరిదో పోల్చుకోవడానికి పెట్టేది’ అని తేల్చేశారు. ఎవరో విడిచిన బట్టను మా పాప నోట్లో పెట్టుకుంటోందా అని ఆ తల్లి నిలదీస్తే, వదినగారు ‘మా ఆడపడుచు పొరపాటున ఒక పాత ముక్క కలిపేసింది’ అన్నారు. భర్త ఈ గొడవంతా మానేయమంటున్నారు. ఇంతలో పక్కింటి పిన్నిగారు, నిరుడు పోయిన తన భర్త స్వెటర్‌తో ఒక బొమ్మ చేసి ఇమ్మని అడిగారు. పోయినవారి బట్ట గడప దాటి లోపలికి రాకూడదని అత్తగారి పట్టు.

‘నిజం చెబితే బేరం పోతుంది, చెప్పకపోతే నిద్ర పోతోంది. నేనేం చేయాలి?’ అని అడిగారు. ఉత్తరం చివర, సంతకం కింద, ఇంకో వాక్యం ఉంది: ‘మా అమ్మ అన్నయ్య దగ్గరే ఉంటోంది.’

అమ్మా, ఆ చివరి వాక్యం దగ్గరే మొదలుపెడతాను. వదినతో మాట పెరిగితే రేపు ఏ ముఖం పెట్టుకుని ఆ ఇంటికి వెళ్లి అమ్మను చూడాలి అన్నది మీ అసలు బెంగ అని నాకు అనిపించింది. అది చిన్న బెంగ కాదు. కానీ దాన్ని స్వెటర్ల గొడవ కిందకు తోసేయడం వల్ల మీకు రెండూ తెమలడం లేదు. ముందు బట్ట సంగతి చూద్దాం, తర్వాత వదినగారి దగ్గరకు వద్దాం.

పాత బట్ట పిల్లలకు పనికిరాదన్న మాట మన ఇళ్లలో ఎప్పటి నుంచి వచ్చిందో నాకు అర్థం కాదు. పుట్టిన బిడ్డను మనం మొదట చుట్టేది నలిగి మెత్తబడిన పాత పంచెలోనో చీరలోనో. కొత్త బట్ట గరుకు, ఒరుసుకుంటుందని పెద్దవాళ్లు ఒప్పుకోరు. ఉయ్యాల కట్టేది అమ్మమ్మ చీరతో. మా నాయనమ్మ కుట్టిన బొంతలో ఏ ముక్క ఎవరి చీరదో మేము వేలు పెట్టి చెప్పేవాళ్లం. వెల్లకిలా పడుకుని ‘ఇది పెద్దత్త పెళ్లిచీర’ అని వాదులాడుకునేవాళ్లం కూడా.

అయితే ఆ పాప నాయనమ్మను నేను తప్పుపట్టను. బొంతలోని ముక్కలు మన ఇంటివి. ఊరూ పేరూ తెలియని మనిషి ఒంటి మీది బట్ట వేరు. ఆయనకు ఏ జబ్బు ఉందో, ఆ బట్ట ఎక్కడ పడి ఉందో అన్న శంక న్యాయమైనది. మీరు జవాబు చెప్పవలసింది ఆ శంకకు. వదినగారు చెబుతున్న ఊటీ కథ ఆ శంకను అడగనివ్వకుండా నోరు మూసింది. ఇప్పుడు అది అరికాలి కింది నుంచి పైకి వచ్చింది. నల్లజీడి గింజ రసంతో పెట్టిన గుర్తు అయితే ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు, మీకు తెలిసే ఉంటుంది.

నిజానికి మీ ఊళ్లో పాత స్వెటర్‌కు చెప్పుకోదగ్గ కథే ఉంది. తిరుపతి ఎండలో ఏడాదికి ఎన్నాళ్లు తొడుగుతారు స్వెటర్? ధనుర్మాసంలో తెల్లవారుజామున నాలుగు రోజులు, కాశీయాత్రకు వెళ్లినప్పుడు ఒకసారి. రోజూ తొడిగేవాళ్లంటే కొండ మీద రాత్రి పని చేసేవాళ్లే. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తు, అక్కడి డిసెంబరు రాత్రి కింద ఉన్నవాళ్లకు ఊహకు అందదు. మిగతా ఇళ్లలో స్వెటర్ ఒంటి మీద అరగదు, పెట్టెలో పాతబడుతుంది. మీకు వచ్చే సంచుల్లో సగం అలాంటివే అయి ఉంటాయి. దాన్ని దాచి ఊటీ పేరు చెప్పుకోవడం ఎందుకో!

ఇక ‘నూటికి నూరు పాళ్లు ఊలు’ అన్న మాట. ఇది మొదటి అబద్ధం కంటే ప్రమాదకరం, ఎందుకంటే బహుశా మీకు కూడా తెలియదు. బజారులో దొరికే స్వెటర్లలో చాలావాటిలో ఉండేది ఆక్రిలిక్ అనే కృత్రిమ నూలు. ఒక పోగు లాగి పట్టకారుతో పట్టుకుని, కింద స్టీలు పళ్లెం పెట్టి అంటించి చూడండి. కాలిన వెంట్రుక వాసన వచ్చి, మంట దానంతట అదే ఆరి, వేళ్ల మధ్య నలిగే బూడిద మిగిలితే అది ఊలు. కరిగి నల్లటి గట్టి పూసలా ముద్దకడితే ఆక్రిలిక్. చల్లారేదాకా ముట్టుకోకండి. ఇంకో పరీక్ష కూడా ఉంది. వేడినీళ్లలో సబ్బుతో గట్టిగా నలిపి ఉతికితే మామూలు ఊలు ముడుచుకుని దట్టపడుతుంది. గొర్రె వెంట్రుకకు సన్నటి పొలుసులు ఉంటాయి, అవి ఒకదానికొకటి చిక్కుకుంటాయి. వానలో తడిసి తడిసి అట్టలా బిగిసిన గొర్రెల కాపరి గొంగడిని చూసే ఉంటారు కదా, అదే తంతు. ముడుచుకోకుండా మందు పట్టించిన ఊలు కొన్ని స్వెటర్లలో ఉంటుంది కనుక నిప్పు పరీక్షే నమ్మకం. వేడినీళ్లలో అలా ముడుచుకుని బిగిసిన ఊలుకు ఎక్కడ కత్తెర వేసినా పోగులు ఊడవు. ఆక్రిలిక్ మాత్రం ఎన్ని వేడినీళ్లు పోసినా అలాగే ఉంటుంది. దానికి వెనక ఇస్త్రీతో అంటించే కాన్వాసు వేసి, గీసిన గీత వెంట జిగ్‌జాగ్ కుట్టి, ఆ తర్వాతే కత్తిరించాలి. లేకపోతే ఒక్క పోగు జారి వరుసంతా విడిపోతుంది, ఏనుగు పొట్టలో దూది పాప నోట్లోకి వెళుతుంది. ఇరవై ఏళ్ల చేయి తిరిగిన మనిషికి ఇంత చెప్పడం ఎక్కువే. కానీ ఆక్రిలిక్‌తో చేసినది ఆక్రిలిక్ అని చీటీ మీద రాయగలిగినప్పుడే మీ మిగతా మాటలకు విలువ వస్తుంది.

చట్టం మాట కూడా అనుకుందాం, భయపెట్టడానికి కాదు. పాత సరుకును కొత్తదని చెప్పి అమ్మడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ఇంకొకటి ఉంది. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు ఉండాలన్న ఉత్తర్వు అమలులో ఉంది. హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయంలో నమోదైన కళాకారులు చేసి అమ్మే బొమ్మలకు అందులో మినహాయింపు ఇచ్చారు. మీరు చేసే రకం ఆ నమోదు కిందకు వస్తుందా అని వెళ్లి అడగండి. వచ్చేట్టయితే ఆ గుర్తింపు కార్డు మీ పేరు మీదే తీసుకోండి, వదినగారి పేరు మీద కాదు. ధోబీ గుర్తుతో పరువు పోయింది, సరే, సర్కారు గుర్తు లేక డబ్బు పోకుండా చూసుకోవాలి.

ఫోను చేసిన ఆ తల్లికి మీరు ఇంకా ఏమీ చెప్పలేదు. వదినగారు చెప్పిన ‘పొరపాటున ఒక ముక్క’ కథే ఇప్పటికీ నిలబడి ఉంది. దాన్ని అలాగే వదిలేయవచ్చు. ఆవిడ ఒకరిద్దరికి చెప్పి ఊరుకుంటారు, మీరు మాత్రం ప్రతి బొమ్మ అరికాలు తిప్పి చూసుకుంటూ బతుకుతారు. లేదా మీరే ఫోను చేసి, ‘బొమ్మ మొత్తం పాత స్వెటర్‌తోనే చేశాను, ఫలానా విధంగా ఉతికాను, మీకు ఇష్టం లేకపోతే వెనక్కి తీసుకుని డబ్బు ఇస్తాను’ అనవచ్చు. 900 మీ చేతి నుంచి పోతుంది, మీకు వచ్చింది 300 అయినా. నాలుగు మాటలు పడాల్సి రావచ్చు. నేనయితే రెండోదే చేస్తాను, అయితే వదినగారికి ముందు చెప్పి. వెనక నుంచి ఫోను చేస్తే మీరూ ఆమె చేసిన పనే చేసినట్టు.

ఆ తల్లి అడిగే ప్రశ్నలకు దగ్గర జవాబులు ఉంచుకోండి. వచ్చిన ప్రతి స్వెటర్‌నూ ఉతికి, గట్టి ఎండలో రోజంతా తిరగేసి ఆరబెట్టండి. మీ ఊరికి ఆ ఒక్క లోటు లేదు. కలరా ఉండల వాసన కొడుతున్నది ఎన్ని ఉతుకులకూ వాసన వదలకపోతే బొమ్మకు వాడకండి. ఆ ఆవిరి కొందరు పసిబిడ్డలకు రక్తకణాలు చితికేంత హాని చేస్తుంది. మూడేళ్లలోపు వాళ్ల బొమ్మలకు గుండీల కళ్లు వద్దే వద్దు, దారంతో కుట్టండి. బూరుగు దూది తడిస్తే ఉండలు కడుతుంది, ఉతికే బొమ్మకు రెక్రాన్ అనే పాలిస్టర్ దూది మేలు. ఊలు గుచ్చుకుని ఒళ్లు ఎర్రబడే పిల్లలూ ఉంటారు, అది కూడా ముందే చెప్పండి.

ఇప్పుడు వదినగారు. మీ ఉత్తరం చదివితే ఆమె మీద కోపం రావాలి, నాకు పూర్తిగా రాలేదు. మిషను కొనడానికి డబ్బు ఇచ్చింది ఆమె ఒక్కరే. మీ భర్త ఇచ్చినట్టు మీరు రాయలేదు. పాత బట్ట అంటే జనం ముఖం చిట్లిస్తారన్న ఆమె అంచనా కూడా తప్పు కాదు. కాకపోతే ఆ అంచనాను ఆమె 600 రూపాయలుగా మార్చుకున్నారు, నింద వచ్చేసరికి మీ వైపు తోశారు. ‘మా ఆడపడుచు పొరపాటు’ అన్న మాట మీకు గుచ్చుకుంది కదా? అది గుచ్చుకున్నంతగా ఊటీ ఊలు గుచ్చుకున్నట్టు లేదు. తెలిసిన తర్వాత కూడా మీరు బొమ్మలు ఇస్తూనే ఉన్నారు. ఈ మాట కఠినంగా ఉంటే మన్నించండి. వదినగారితో మాట్లాడేటప్పుడు ‘నువ్వు అబద్ధం చెప్పావు’ అనడానికి మీకు చోటు లేదు, ‘మనం చెప్పాం’ అనడానికే ఉంది. అలా అంటే మాట పెరిగే అవకాశమూ తగ్గుతుంది.

ఆమె దగ్గర మీకు దారులు లేకపోలేదు. అమ్మకం ఆమె చేతిలోనే ఉంచి, ప్రతి బొమ్మకూ ఒక చీటీ కట్టవచ్చు: పాత స్వెటర్‌తో చేతితో చేసినది, ఉతికినది, ఊలా ఆక్రిలికా, ఏ వయసు పిల్లలకు. చీటీ కట్టాక 900 నిలవకపోవచ్చు, 600కు దిగవచ్చు, కొన్నాళ్లు బేరాలే ఉండకపోవచ్చు. అప్పుడు మీ 300 కదలకుండా ఆమె వాటా తగ్గాలని అడగాలి. ఏనుగుకు ఆరు గంటలు పడుతుందని మీరే రాశారు, అంటే గంటకు 50 రూపాయలు. అంతకంటే దిగితే జాకెట్లు కుట్టుకోవడమే నయం. ఆమె ఒప్పుకోవచ్చు. తెలివైన మనిషి, ధోబీ గుర్తు దెబ్బ ఆమెకూ తగిలింది.

ఒప్పుకోకపోతే ఆ బేరం నుంచి తప్పుకోవడమే. అప్పుడు అప్పు అడ్డం వస్తుంది. అప్పు ఉన్నంతకాలం మీరు ఏమన్నా ‘మిషను ఎవరిదో గుర్తుందా’ అన్న మాట గాలిలో ఉంటుంది. జాకెట్ల డబ్బు నుంచి నెలకు 1,500 పక్కన పెడితే సరిగ్గా ఏడాదికి 18,000 తీరుతుంది. ఈ సంగతి ముందే చెప్పి మొదటి నెల డబ్బు చేతిలో పెట్టి, ఆ తర్వాత బొమ్మల మాట ఎత్తండి. వరుస తప్పిస్తే డబ్బు విసిరికొట్టినట్టు ఉంటుంది. ఈ మాటలు అన్నయ్యగారి ఇంట్లో వద్దు, అమ్మగారి ముందు అసలే వద్దు. వదినగారిని మీ ఇంటికి పిలవండి. చాప మీద సగం కుట్టిన బొమ్మలు ఉండగా, చేతిలో సూది ఉండగా మాట్లాడండి. చేతికి పని ఉంటే గొంతు పెరగదు, నా అనుభవం అది.

అమ్మగారి దగ్గరకు మీరు ఎప్పుడు వెళుతుంటారో రాయలేదు. బొమ్మలు అప్పగించడానికి వెళ్లినప్పుడే చూసి వస్తుంటే, ఈ వారం నుంచే ఆ రెండు పనులనూ వేరు చేయండి. బొమ్మల సంచి లేకుండా, ఉత్త చేతులతో, లేదా ఆమెకు ఇష్టమైన పూలో పండో పట్టుకుని వెళ్లండి. కూతురు అమ్మ కోసం వస్తుందన్నది ఆ ఇంటికి ముందే అలవాటైతే, రేపు బొమ్మల లెక్క తెగినా గడప మూతపడదు. ఒకవేళ కొన్నాళ్లు వదినగారు ముభావంగా ఉంటే ఉంటారు. అది భరించాలి.

భర్తగారు మానేయమంటున్నారు. మానేయడమూ ఒక దారే, సిగ్గుపడనవసరం లేదు. కానీ నాలుగు పేజీలలో ఆ తొండం ఎలా వచ్చిందో రాసిన అర పేజీలో మాత్రమే మీ చేతిరాత కుదురుగా ఉంది.

పిన్నిగారి స్వెటర్ సంగతి. వ్యాపారంగా చూసినా మీకు ఇది వేరే దారి: ఎవరి స్వెటర్‌తో వాళ్లకే బొమ్మ. బట్ట తెచ్చేది కొనేవాళ్లే కనుక చెప్పాల్సిన అబద్ధమే లేదు. బేరాలు తక్కువగా ఉంటాయి, ఒక్కొక్కటి బరువుగా ఉంటుంది. ముక్క పాడైతే ఇంకొకటి దొరకదు, కత్తెర పట్టుకున్న చేయి వణుకుతుంది. అలాంటివి నెలకు రెండు మించి ఒప్పుకోవద్దు అంటాను.

అత్తగారితో వాదించకండి. పోయినవారి బట్టలు పదకొండో రోజునో పన్నెండో రోజునో ఇచ్చేసే ఇళ్లు ఉన్నాయి, ఒకటి దాచుకునే ఇళ్లూ ఉన్నాయి. ఆమె పెరిగిన ఇంటి పద్ధతి అది. స్వెటర్ మీ గడప దాటకూడదు, అంతే కదా? మీరే పిన్నిగారి ఇంటికి వెళ్లి కూర్చుని చేతితో కుట్టండి. నాలుగు మధ్యాహ్నాలు పడుతుంది. ఒంటరిగా ఉన్న మనిషికి ఆ మధ్యాహ్నాలు బొమ్మ కంటే ఎక్కువ కావచ్చు. అప్పటికీ అత్తగారు ఒప్పుకోకపోతే పిన్నిగారికి ఆ కారణమే చెప్పి చేయలేనని అనండి. తీరిక లేదనో ఇంకోటనో అనకండి.

కత్తెర పెట్టే ముందు పిన్నిగారి పిల్లలకు ఒక మాట చెప్పమనండి. నాన్న స్వెటర్ కావాలనుకునే కొడుకు ఎక్కడో ఉండవచ్చు, ముక్కలైన తర్వాత తెలిస్తే నింద మీ మీదకు వస్తుంది. ఉతకడానికి ముందు కూడా అడగండి. అన్ని స్వెటర్లనూ ఉతకమని పైన చెప్పింది నేనే, కానీ ఈ బొమ్మ ఏ పసిబిడ్డ నోట్లోకీ వెళ్లదు. ఏడాది నుంచి ఆవిడ ఆ స్వెటర్‌ను బీరువాలో మడతపెట్టి ఉంచింది అందులో మిగిలిన వాసన కోసమే కావచ్చు. వేడినీళ్లలో వేస్తే అది తిరిగి రాదు. వద్దంటే ఎండలో కూడా పెట్టకండి, అలాగే కాన్వాసు అంటించి కుట్టండి. మోచేతి దగ్గర రఫ్ఫు చేసిన చోటు ఉంటే దాన్ని లోపలికి మడవకుండా పైకి కనిపించేలా పెట్టండి, అది ఆవిడే చేసి ఉండవచ్చు. గుండీలు మిగులుతాయి. వాటిని మీ డబ్బాలో కలపకుండా ఒక చిన్న కవరులో వేసి, లెక్కపెట్టి ఆవిడ చేతికే ఇవ్వండి.